రిమార్కుల గడి

రాత్రి పదకొండుకి వచ్చాయి మంచాలు
పి.గన్నవరం నుంచి, గడ్డి మోసే ట్రాక్టర్లో.
అక్విడక్టు మీద ఒకటి జారి కాలు విరిగిందట,
దాని కింద ఇటుక పెట్టాం.
యాభై మంచాలు, యాభై దుప్పట్లు,
కొట్టు వాసన ఇంకా వదలని దుప్పట్లు.

పేషెంట్లు పీచు మిల్లు నుంచి వచ్చారు.
మనిషికి మూడొందలు, మధ్యాహ్నం భోజనం.
దగ్గమన్నప్పుడు దగ్గాలి,
మూలగడం వాళ్ళిష్టం.

నేను ట్యూటర్ని. పెనుమాల సువార్త.
రిజిస్ట్రేషన్ నంబరు ఒకటే, కాలేజీలు మూడు.
ఒకచోట సర్జికల్ చెబుతాను, ఒకచోట కమ్యూనిటీ హెల్త్,
మూడోచోట ఏం చెబుతానో నాకే తెలీదు.
జీతం మాత్రం ఒక్కచోటే,
అదీ రెండు నెలలు బాకీ.

చైర్మన్ గారిది కొబ్బరి వ్యాపారం.
కాయని చెవి దగ్గర ఆడించి నీళ్ళెన్నో చెప్పేస్తారు.
"వచ్చేవాళ్ళూ మనుషులే కదమ్మా, ఆయ్" అన్నారు.
ఆత్రేయపురం పెట్టెలు రెండు
బీరువా మీద సిద్ధంగా ఉన్నాయి.

పదిన్నరకి కారు దిగారు.
ఒకాయన టేపు తీసి ల్యాబు పొడవు కొలిచారు,
లైబ్రరీలో పుస్తకాలు లెక్కపెట్టారు,
ఒకే పుస్తకం ముప్ఫై కాపీలు.
రెండో ఆవిడ, వజ్రకుమారి గారు,
ముందు చేతులు కడుక్కుంటానన్నారు.
కుళాయి తిప్పితే దగ్గింది
మా పేషెంట్లందరికన్నా నిజంగా.

ఆవిడేమీ కొలవలేదు.
రెండో ఏడు పిల్లనొకదాన్ని పిలిచారు.
"ఏ ఊరమ్మా?"
"ఓడలరేవండి. నూకరత్నం."
"ఇంజెక్షన్లు ఎన్ని చేశావు?"
"నలభై అండి."
"ఎవరికి?"
చైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు.
"అరటిదూటకండి."

ఎవరం నవ్వలేదు.
అరటిదూట అరవదు,
చెయ్యి లాక్కోదు,
నీ పేరేంటమ్మా అని అడగదు.
పొద్దున్న గుచ్చితే సాయంత్రానికి నల్లచుక్కలు తేల్తాయి.
అదే మా సిలబస్సు.

"సరే, ఈయన బీపీ చూడు."
పదిహేడో మంచం. ఏసుపాదం.
వేళ్ళ సందుల్లో ఇంకా పీచు పొడి.
నూకరత్నం పట్టీ చుట్టింది, గాలి కొట్టింది, విన్నది.
మళ్ళీ కొట్టింది.
నా వంక చూసింది.
నేను కళ్ళతోనే అందించాను:
నూట ఇరవై, ఎనభై అనెయ్.

"రెండొందల పదండి, కింద నూట ఇరవై.
ఈయనకి నిజంగానే బాలేదండి."

ఆ 'నిజంగానే'కి
పక్క మంచాల మీద దగ్గులు ఆగిపోయాయి.
ఏసుపాదం లేచి కూచున్నాడు.
"నాకేం లేదమ్మా, ఊరికే పడుకున్నాను.
తలపోటంటారా,
అది దాళ్వా ఊడ్పుల కాడ్నించీ ఉన్నదే."

చైర్మన్ గారి కారులోనే అమలాపురం తీసుకెళ్ళారు.
వెనక సీట్లో నూకరత్నం,
వేళ్ళు అతని మణికట్టు మీద, పెదాల మీద లెక్క.
దాన్నెవరూ వెళ్ళమనలేదు.

వజ్రకుమారి గారు నన్ను పక్కకి పిలిచారు.
"మిమ్మల్ని పోయిన నెల రావులపాలెంలో చూశాను కదూ?"
ఔనన్నాను.
బొంకడానికి ఓపిక లేకపోయింది.
"అక్కడా సంతకం పెట్టాను" అన్నారావిడ,
నాతోనో, పెన్నుతోనో.

ఫారంలో గడులు బోలెడు.
విస్తీర్ణం, మరుగుదొడ్లు, బస్సు,
అస్థిపంజరం సొంతమా, అరువా.
పదిహేడో మంచానికి గడి లేదు.
రిమార్కుల దగ్గర పెన్ను ఆగింది,
ఇంకు చుక్క కాయితంలోకి ఇంకుతూ పెద్దదైంది.
తర్వాత ఏం రాశారో నేను చూళ్ళేదు.
పెట్టెలు మాత్రం బీరువా మీదే ఉండిపోయాయి,
చీమలు పట్టేదాకా.

సాయంత్రం మంచాలు ట్రాక్టరెక్కాయి.
ఇటుక ఒక్కటీ మిగిలింది వార్డు మధ్యలో.
ఏసుపాదం మూడొందలూ నా పర్సులో ఉన్నాయి,
ఎవరికివ్వాలో తెలీక.

తెల్లారి ఆరింటికి ఫోను.
"మేడం, నూట అరవైకి దిగిందండి.
రాత్రంతా నేనే చూశాను, గంటకోసారి.
కేసు రికార్డులో ఎక్కడ రాయమంటారు?"

నేను పుస్తకం తెరిచాను.
జూలై దాకా నింపేసి ఉంది.